సమస్యాపూరణం: “గెలిచినట్టి జట్టె గెలువలేదు”

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్సులు. ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం. విషయం 2022 మార్చి 20వ తేదీ ఆదివారం రాత్రి గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ఎఫ్.సి. గెలుచుకున్న ఐ.ఎస్.ఎల్. (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ కప్పు. మన సభ్యులలో చాలామంది ఆ ఆటను టీవీలో చూసినవారే కనుక, ఆ గెలుపును తలచుకున్నప్పుడల్లా ఒక సంతోషమూ ఒక వెలితీ కలిసి వస్తాయని పలుమార్లు రాశారు. ఆ రెంటినీ తూచి పద్యంలో పెట్టమని కోరుతున్నాను. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. గోలుతో కేరళ ముందంజ వేయడం, 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేయడం, అదనపు సమయంలో ఎవరికీ గోలు రాక చివరికి పెనాల్టీలలో 3–1తో హైదరాబాద్ గట్టెక్కడం అందరికీ గుర్తుండే ఉంటుంది. పూరణలో విషయం దాటవద్దు. “గెలిచిన జట్టు గెలువలేదు” అన్న విరోధాన్ని పై మూడు పాదాలు పూర్తిగా పరిహరించాలి.

రాజోలు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఒక్క గోలు చొప్పునుభయులు సాధింప
గోలు కడను నిల్చి గుండె దిటవు
తోడ మూడు బంతి తూపులొక్కడె తోసె
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

మాస్టారూ, ధార బాగున్నది. “గుండె దిటవు తోడ” అన్నది పాదం దాటి ప్రవహించడం వల్ల గోల్‌కీపర్ ఊపిరి బిగపట్టి నిలిచిన తీరు నడకలోనే వినిపించింది. మన గోల్‌కీపర్ కట్టిమని ఆ రాత్రి ఆపిన మూడు పెనాల్టీలలో నిశు కుమార్‌ది మరచిపోలేము. మొదటిసారి ఆపినప్పుడు కాలు గీత విడిచిందని రిఫరీ మళ్లీ తన్నించగా, రెండోసారీ ఆపాడు. ఒకే మనిషిని రెండుమార్లు ఎదుర్కొని రెండుమార్లూ నిలవడానికి ఎంత దిటవు కావాలో మీ రెండవ పాదం చెప్పింది.

భీమవరం నుండి:

మాస్టారికి నమస్కారం. పద్యం చదవడానికి హాయిగా ఉన్నా భావంతో నేను ఏకీభవించలేను. గెలుపంతా కట్టిమనికి కట్టబెడితే పెనాల్టీలలో గోల్స్ కొట్టిన జువావ్ విక్టర్, కమారా, నర్జారీ ఏమైనట్లు? వారు కొట్టకుండా ఎన్ని ఆపినా కప్పు రాదు కదా. గెలుపులోని చెడును చూపించే ఉత్సాహంలో జట్టుకు అన్యాయం చేయకూడదు.

రాజోలు:

మీరన్నది న్యాయమే. అయితే పూరణలో నేను ఆ ముగ్గురినీ తక్కువ చేయలేదు, ఆ క్షణంలో చూసేవాడి కంటికి ఎవరు కనబడ్డారో అది మాత్రమే రాశాను.

పాలకొల్లు నుండి ఒక వైద్యురాలు:

పసుపు వన్నె నిండె ప్రాంగణమంతయు
పసుపె దాల్చి మనదు బలగమాడ
గొంతు గెలుపు దక్కె కొచ్చివారికె గాన
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

అమ్మా, అభినందనలు. ఇది ఆ రాత్రిని దగ్గరగా చూసినవారికే తట్టే ఊహ. రెండు జట్లదీ పసుపు రంగే అయినా, పట్టికలో పైన నిలిచిన హైదరాబాద్‌కు సొంత రంగు దక్కి, కేరళ ఆటగాళ్లు వేరే రంగు చొక్కాలు తొడగవలసి వచ్చింది. మైదానం లోపలి పసుపు మనది, గ్యాలరీల నిండా ఉన్న పసుపు వారిది. ఒకే మాటను మొదటి రెండు పాదాల తలలో నిలిపి రెండర్థాలకు వాడిన తీరు మెచ్చదగినది. అన్వయం విషయంలో మాత్రం ఒక చిన్న సందేహం ఉన్నది. గొంతుల గెలుపు ఎదుటివారిది అయినంత మాత్రాన ఆట గెలవనట్లు కాదు, ఆ గెలుపు వేరు, ఈ గెలుపు వేరు. అలంకారంగా తీసుకుంటే చెల్లుతుంది.

భీమవరం నుండి:

నా పూరణ.

పట్టికందు మేటి ఫలకమ్ము గొన్నట్టి
ఉక్కునగరివారె యోడిపోయి
కప్పు కొరకు జరుగు కడపోరు చేరరే
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

ఇప్పటికి వచ్చిన వాటిలో విరోధ పరిహారం అన్నిటికంటె గట్టిగా కుదిరిన పూరణ ఇది. లీగ్ దశలో 43 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచి షీల్డు గెలిచిన జంషెడ్‌పూర్, సెమీఫైనల్‌లో కేరళ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. గెలిచిన జట్టూ అదే, గెలువని జట్టూ అదే. “జట్టె” లోని ఏకారానికి పూర్తిగా పని దొరికింది. 38 పాయింట్లతో రెండవ స్థానంలో ఉన్న మన జట్టుకు కప్పు దక్కడంలోని న్యాయాన్యాయాలను కూడా పద్యం నోరు విప్పకుండానే ప్రశ్నించింది. ఒక్క సవరణ: మొదటి పాదం చివర “గొన్నట్టి” తరువాత “ఉక్కు” అని అచ్చుతో మొదలుపెట్టకుండా “యుక్కునగరివారె” అంటే యడాగమం కుదురుతుంది, యతికీ భంగం రాదు.

భీమవరం:

ధన్యవాదాలు. సవరణ స్వీకరించాను.

తణుకు నుండి ఒక కళాశాల విద్యార్థి:

గురువుగారికి నమస్కారం. మొదటిసారి ప్రయత్నిస్తున్నాను.

ఎనుబదెనిమిదైన నిమిషాన తవోర
సాహిలొక్క తన్ను సమము చేసె
చేతికందె కప్పు చివరి తన్నుల తోడ
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

నాయనా, మొదటి ప్రయత్నంలోనే రెండు, మూడు పాదాలు నిర్దోషంగా రావడం సంతోషం. మొదటి పాదంలో రెండు దోషాలున్నాయి. “తవోర” జగణం అవుతుంది, అది ఇంద్రగణాలలో లేదు. “ఎ”కు “ని”తో యతి కుదరదు. “ఎనుబదెనిమిదవది యేగెడు నిమిషాన” అని చూడు, గణాలూ యతీ రెండూ సరిపోతాయి. సాహిల్ పేరు రెండవ పాదంలో ఉండనే ఉన్నది కనుక ఇంటిపేరు లేకపోయినా లోటు లేదు.

ఇక భావం. కప్పు చేతికందిందని చెప్పి వెంటనే గెలువలేదంటే, ఎందుకు గెలువలేదో చదివేవాడు ఊహించుకోవలసి వస్తున్నది. పెనాల్టీలతో తేలిన ఆటను రికార్డు పుస్తకంలో డ్రాగానే రాస్తారు. పెనాల్టీలు కప్పు ఎవరికివ్వాలో తేల్చడానికే. ఫిఫా ర్యాంకింగ్ లెక్కలో కూడా పెనాల్టీలలో నెగ్గిన దేశానికి పూర్తి గెలుపు విలువ ఇవ్వరు. నీ సమస్యకు సమాధానం అక్కడే ఉన్నది కాబట్టి మూడవ పాదాన్ని “ఆటలోన సమమె యంతకు మించదే” అని మార్చితే పద్యం తనంత తాను నిలబడుతుంది.

తణుకు:

చాలా సంతోషం గురువుగారూ. సవరించిన పద్యాన్ని రాసి ఉంచుకున్నాను. ఒక్క మాట మనవి చేసుకుంటాను. పెనాల్టీ ప్రాంతం వెలుపల నుంచి సాహిల్ బంతిని గాలిలోనే అందుకొని కొట్టిన ఆ గోలు లేకపోతే, మనం ఈరోజు మంచిచెడ్డలు తూచడానికి గెలుపే ఉండేది కాదు. దానిని పద్యంలో పెట్టాలన్న పట్టుదలతోనే రాశాను.

నర్సాపురం నుండి:

విరుపుతో ఒక పూరణ.

మొదట మూడు గొట్టి మోహనబాగాను
చేత నొకట నోడి చింత బెట్టె
మొత్తమెంచ మూడు, ముచ్చటకిక లోటు
గెలిచినట్టి జట్టె గెలువ, లేదు.

నిర్వాహకుడు:

“ముచ్చటకిక లోటు... లేదు” అని సమస్యను విరిచి శుభం పలికించారు. సెమీఫైనల్ మొదటి ఆటలో మోహన్ బగాన్ మీద 3–1తో గెలిచి, రెండవదానిలో 0–1తో ఓడి, మొత్తం మీద 3–2తో ఫైనల్ చేరిన సంగతి మూడు పాదాలలో ఒదిగింది. “చింత బెట్టె” వాడుకమాట, “చింత గొల్పె” అంటే పద్యానికి తగి ఉంటుంది. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో గెలుపును నిండుగా ఆనందించిన పూరణ ఇదొక్కటే.

అంబాజీపేట నుండి:

కొబ్బరాకు నీడ గోదారి గట్టున
బంతి తన్ను మనదు బాలుడొకడు
చోటు గాంచు నాడె చొక్కపు గెలుపౌను
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

పద్యం మనసుకు తగిలింది. మన జట్టులో కట్టిమని, తవోరా గోవావారు, చింగ్లెన్సానా మణిపూర్, నర్జారీ అస్సాం. ఫైనల్ మొదలైనప్పుడు బరిలో దిగిన పదకొండుగురిలో తెలుగునేల మీద పుట్టినవాడు ఒక్కడూ లేడు. తెలుగువారికి ఈ ఆట కొత్తదైతే సరిపెట్టుకోవచ్చు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాద్ పోలీసు జట్టు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టుకు శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాద్‌వాడు. అంతటి నేల నుంచి ఇప్పుడు పదకొండుగురిలో ఒక్కడు లేకపోవడం మీ పూరణలోని బాధకు మూలం.

రాజోలు:

భావం గొప్పది, కాని స్థలం కుదరలేదు. గట్టు మీద బంతి తన్నితే ఒక పక్క కాలవలోకో మరో పక్క చేలోకో పోతుంది. మార్చి నెలలో దాళ్వా వరి పొట్ట మీద ఉంటుంది కాబట్టి, రైతు ఆ బంతి కోసం పిల్లలను చేలో దిగనివ్వడు. మన పిల్లలు ఆడేది లంకల ఇసుకలో, కొబ్బరితోటల మధ్య ఖాళీలలో. చెప్పులు ఒక పక్క రెండు, మరో పక్క రెండు పెట్టి వాటినే గోలు అనుకుంటారు. “గోదారి లంకలో” అంటే గణాలు చెడవు, చిత్రం నిజమవుతుంది.

అంబాజీపేట:

మాస్టారూ, “లంకలో” అన్నదే ఉంచుతున్నాను. మా తోటలోనే ఆడుతుంటారు, అయినా నాకు తట్టలేదు.

అమలాపురం సభ్యుడు, ఉద్యోగరీత్యా హైదరాబాద్ నుండి:

ఆలస్యంగా వచ్చాను. అందరూ ఆ రాత్రి దగ్గరే ఆగారు. నాకు ఆ తరువాతి సంగతులు తూకంలో పడకుండా గెలుపు విలువ తేలదనిపించింది.

కప్పు తెచ్చి యిచ్చి కాలమెంతో గాదు
తరలిపోయె జట్టు తావు విడిచి
నగరి మనసులోన నాటుకొనెడు దాక
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

నిర్వాహకుడు:

ఈ పద్యానికి వ్యాకరణపరంగా చెప్పవలసినది ఏమీ లేదు. కప్పు గెలిచిన మరుసటి ఏడు కూడా లీగ్‌లో రెండవ స్థానంలో నిలిచిన జట్టు, సెమీఫైనల్‌లో మోహన్ బగాన్ చేతిలో అవే పెనాల్టీలలో ఓడింది. 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకున్నది. ఫతోర్డాలో పెనాల్టీలు చూసి కన్నీళ్లు పెట్టుకున్నవారికి ఈ రోజు చెప్పుకోవడానికి జట్టు లేదు. గెలుపు ఉన్నది, గెలిచినవారు మన దగ్గర లేరు. సమస్యలోని విరోధం ఇంత సహజంగా నిజమైన పూరణ ఇంకొకటి రాలేదు.

పాలకొల్లు:

పద్యం బాగున్నది, కాని మూడవ పాదం నగరాన్ని తప్పుపడుతున్నట్లు వినిపిస్తున్నది. నాటుకోవడానికి ఆ జట్టుకు నేల ఎక్కడ ఇచ్చారు? కరోనా వల్ల కప్పు గెలిచిన ఏడు ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలిలోని సొంత మైదానంలో ఒక్క ఆటా ఆడలేదు. ఆ మైదానం పేరు మన అమలాపురం నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకరైన బాలయోగి గారిది. అది కూడా మీరే రాయాలి.

అమలాపురం సభ్యుడు:

అమ్మా, మీరు గుర్తు చేసేదాకా ఆ రెండు సంగతులను కలిపి చూడలేదు. ఇదిగో.

కోనసీమ నేత గురుతైన మైదాన
మందు నాడలేదు మనదు జట్టు
ఇంటి ముంగిటాట యెరుగని కప్పుతో
గెలిచినట్టి జట్టె గెలువలేదు.

అంబాజీపేట:

ఆ ఏడు ఏ జట్టూ తన ఊరిలో ఆడలేదు. దానిని మనవారి లోపంగా చెప్పడం న్యాయమేనా?

నిర్వాహకుడు:

లోపమని పద్యం అనడం లేదు. కేరళవారూ తమ కొచ్చిలో ఆడలేదు, అయినా ఫైనల్‌కు గోవా దాకా తరలివచ్చి గ్యాలరీలు నింపారు. వారికి ఆ జట్టు అంతకుముందే ఏళ్ల తరబడి కళ్లముందు ఆడి అలవాటై ఉన్నది. మన జట్టు పుట్టినది 2019లో, ఒక్క ఏడు సొంత మైదానంలో ఆడిందో లేదో కరోనా వచ్చిపడింది. ఇంటి ముంగిట చూడవలసిన వయసులో చూడలేకపోయామన్న దుఃఖం పద్యంలో ఉన్నది, ఆటగాళ్ల మీద నింద లేదు. ఈ రెండు పద్యాలను జంటగా మొదటి స్థానంలో ఉంచుతున్నాను. భీమవరం వారి “యుక్కునగరి” పూరణది రెండవ స్థానం. అభ్యంతరాలున్నవారు రేపు సాయంత్రం లోపు రాయవచ్చు.