లక్క పాలిష్ చెడకుండా సరేసు అతుకు విప్పడం ఎలా?

పాత టేకు కుర్చీ. మూడు కాళ్లు ఊగుతున్నాయి, నాలుగోది మాత్రం కదలదు, దాని అతుకే విప్పాలి. కుసి (బెజ్జంలో దూరే కొయ్య కొస) అంచున గట్టిపడ్డ జిగురు పెచ్చు 60 డిగ్రీల నీళ్లలో పూర్తిగా కరిగింది కాబట్టి అది సరేసే (జంతువుల తోలు, ఎముకలతో చేసే జిగురు). అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుప మేకు లేదు, కొయ్య మేకూ కనబడలేదు.

ఆవిరి పడితే లక్క తెల్లబారుతుంది. స్పిరిట్ సరేసులోని తేమ లాగేసి పెళుసుగా మారుస్తుంది, కొయ్య సుత్తితో తడితే విడిపోవాలి. కానీ ఒక్క చుక్క బయటికి కారినా లక్క కరుగుతుంది. అందుకే బయటికి కనబడని వైపు 1.5 మి.మీ. రంధ్రం చేసి, సిరంజితో బెజ్జంలోకే ఎక్కించాలనుకుంటున్నాను.

లోపలికి వేడినీళ్లు మేలా, స్పిరిటా? నీళ్లకు కుసి ఉబ్బి ఇంకా బిగుస్తుందేమోనని నా భయం. స్పిరిటైతే ఎంతసేపు ఆగి తట్టాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.