ఇంగ్లండుకూ అమెరికాకూ ఒకే ఫైలు చాలుతుందా?

బైరాగిపట్టెడ నాన్న:
మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నది. లెక్కలంటే ప్రాణం. డిగ్రీ నుంచే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, హార్వర్డ్, ఎంఐటీ వంటి చోట్ల చదవాలన్న కోరిక ఈ మధ్య పుట్టింది. ఎస్వీ యూనివర్సిటీలో చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్న నాకు అడ్మిషన్ అంటే ర్యాంకు, కేటగిరీ, వెబ్ ఆప్షన్లు, అంతే తెలుసు. ఒక కన్సల్టెన్సీవారు రెండు దేశాలకూ ఒకే ఫైలు చాలునంటున్నారు. పైగా, ఆమె రెండేళ్ళ కిందట మానేసిన కూచిపూడిలో మళ్ళీ చేర్పించమంటున్నారు. ఇందులో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరు.

చిత్తూరు టు కేంబ్రిడ్జి:
ఒకే ఫైలు చాలదండి. బ్రిటన్‌లో మీరు దరఖాస్తు చేసేది విశ్వవిద్యాలయానికి అనడం కన్నా ఒక సబ్జెక్టుకు అనడం సరైన మాట. యూకాస్ అనే ఒకే దరఖాస్తులో 5 ఎంపికలు ఉంటాయి. కానీ ఒకే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కూ కేంబ్రిడ్జికీ రెంటికీ పెట్టనివ్వరు. ఈ రెంటికీ గడువు అక్టోబరు 15, అక్కడి సాయంత్రం 6 గంటలు, అంటే మనకు రాత్రి పదిన్నర. అమ్మాయి తన గురించి 4,000 అక్షరాల లోపు రాయాలి. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు గానీ అడిగేది మాత్రం మారలేదు: ఈ సబ్జెక్టే ఎందుకు, దానికోసం తరగతి బయట ఏం చదివావు, ఏం చేశావు? గణితానికి దరఖాస్తు చేసే పిల్లకు అక్కడ కూచిపూడి వల్ల ఒరిగేది దాదాపు శూన్యం.

ఎంపిక చేసేది కూడా తరువాత పాఠం చెప్పబోయే అధ్యాపకులే. నా ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరిగింది. సైన్ ఎక్స్ బై ఎక్స్ గ్రాఫు గీయమన్నారు. సున్నా దగ్గర విలువ ఒకటి అని ఠక్కున చెప్పి, మన కోచింగ్ అలవాటు కొద్దీ ప్రశంస కోసం ఎదురుచూశాను. ‘ఆ సూత్రం తెలియనివాడికి ఎలా నమ్మకం కలిగిస్తావు?’ అన్నారాయన. తరువాతి పావుగంట వృత్తం గీసి, త్రిభుజాలు గీసి, రెండుసార్లు తప్పుచేసి, ఆయన ఇచ్చిన చిన్న సూచన పట్టుకుని బయటపడ్డాను. జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది వారికి ముఖ్యం కాదు; చిక్కుపడినప్పుడు ఎలా ఆలోచిస్తామన్నదే చూస్తారు. సీటు వచ్చినా అది షరతుతోనే వస్తుంది: చివరి పరీక్షలో అడిగిన మార్కులు రావాలి, కేంబ్రిడ్జి గణితానికైతే జూన్‌లో స్టెప్ అనే పరీక్ష కూడా రాయాలి. రాష్ట్ర బోర్డు మార్కులను ఎలా లెక్కిస్తారో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోనే చూడండి, ఏజెంటు మాట నమ్మకండి.

మామిడితోట అమ్మ:
మా అబ్బాయి అమెరికాలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. అక్కడ సబ్జెక్టును ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు, చాలా చోట్ల రెండో ఏడాది చివరికి తేల్చుకుంటే చాలు. అందుకేనేమో వారు మొత్తం మనిషిని చూస్తామంటారు. కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో 650 పదాల వ్యాసం, 10 కార్యకలాపాల పట్టిక, ఆపైన ఒక్కొక్క విశ్వవిద్యాలయం అడిగే చిన్న వ్యాసాలు వేరే. కోవిడ్ కాలంలో వదిలేసిన శాట్ వంటి ప్రవేశపరీక్షను ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో మళ్ళీ తప్పనిసరి చేశాయి. ఎంపిక చేసేది అధ్యాపకులు కాదు, అడ్మిషన్ల కార్యాలయం. హార్వర్డ్ వంటి చోట్ల పూర్వవిద్యార్థుల పిల్లలకు కొంత మొగ్గు ఉండడం ఇప్పటికీ ఉంది. అది నాకు మింగుడుపడని సంగతి.

మావాడు ఒలింపియాడ్ గురించి రాసిన మొదటి వ్యాసం చప్పగా ఉంది. తరువాత, తోతాపురి కాయల ట్రాక్టరు మీద వాళ్ళ నాన్నతో కలిసి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడిగాపులు పడిన సంగతి రాశాడు. అదే పంపాము. కూచిపూడి మానేసిన పిల్లను దరఖాస్తు కోసం మళ్ళీ చేర్పిస్తే ఆ అతుకు చదివేవారికి తెలిసిపోతుందని నా అభిప్రాయం.

అసలు మాట డబ్బు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ విదేశీ విద్యార్థుల విషయంలో కూడా ఆర్థికసాయం అడిగారా లేదా అన్నది చూడకుండా ఎంపిక చేసి, ఆ కుటుంబం భరించలేని ఖర్చు మొత్తం సర్దుతాయి. చాలా మిగతా విశ్వవిద్యాలయాల్లో సాయం అడగడమే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఆ ఆర్థికసాయం ఫారంలో పాసుపుస్తకంలోని రెండెకరాల తోట విలువ డాలర్లలో వేయడానికి మాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది.

చిత్తూరు టు కేంబ్రిడ్జి:
అమ్మగారి ఉదాహరణ బాగుంది. ఆ ట్రాక్టరు వ్యాసం ఉన్నదున్నట్టుగా కేంబ్రిడ్జికి పనికిరాదు. ఆ వరుస ఎందుకు కదలదో లెక్కవేసి, క్యూల గణితం చదివి ఉంటే పనికొస్తుంది. డబ్బు విషయంలో మాత్రం బ్రిటన్ మనకు కష్టమే. విదేశీ విద్యార్థులకు ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ, డిగ్రీ స్థాయిలో పూర్తి సాయం అరుదు. కోర్సు మూడేళ్ళే కావడం ఒక్కటే ఊరట. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ పేరు చెప్పి ఎవరైనా ఆశపెడితే, అది డిగ్రీ తరువాతి చదువుకని గుర్తుంచుకోండి.

విశ్రాంత లెక్చరర్:
సిఫారసు లేఖ సంగతి ఇప్పుడే చూసుకోండి. రెండు దేశాలూ దాన్ని అడుగుతాయి. మన కాలేజీల్లో ‘ఏం రాయాలో మీరే రాసుకురండి, సంతకం పెడతాను’ అనడం మామూలు. నేనూ అలా పెట్టినవాణ్ణే. అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటైనా గుర్తుంచుకున్న లెక్కల మాస్టారు ఉంటే, ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రమైనా ఆయన చేతనే రాయించండి.

బైరాగిపట్టెడ నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. కూచిపూడి ఆలోచన మానుకున్నాము. నా జీతానికి ఇంగ్లండు అందదని తేలింది కనుక అమెరికాలో ఆ నాలుగింటికి ప్రయత్నించి, ఐఐటీ తయారీ యథాతథంగా సాగిస్తాము. సైన్ ఎక్స్ బై ఎక్స్ సంగతి అమ్మాయికి చెప్పాను. భోజనానికి పిలిచినా లేవకుండా వృత్తాలు గీస్తున్నది.