బాబుకి నెల రోజులుగా జలుబు, దగ్గు. తగ్గనే తగ్గట్లేదు, ఏం చేయాలి?

నిద్రలేనితల్లి, రాత్రి 2:47
పదకొండు నుంచి వీణ్ణి భుజం మీద వేసుకుని హాల్లో తిరుగుతున్నాను. ఇప్పుడే కునుకు పట్టింది, ఎంతసేపో తెలీదు. ఈ జలుబు, దగ్గు మొదలై నెలైంది. మధ్యలో రెండు మూడు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ మొదలు. ముక్కు గురగుర. పడుకోబెడితే దగ్గు, దగ్గితే తాగిన పాలన్నీ కక్కేస్తాడు. ఆకలితో రొమ్ము పట్టుకుంటాడు, రెండు గుక్కలు తాగి వదిలేసి గుక్కపట్టి ఏడుస్తాడు. మందుల షాపులో ఇచ్చిన సిరప్ రెండు రోజులు వేశాను. మత్తుగా పడుకున్నాడే గానీ దగ్గు దగ్గే. మా అమ్మ వాము పొట్లం కాచింది, తమలపాకు వేసింది, అన్నీ అయ్యాయి. మూడు గంటలు నెట్లో చదివితే భయం ఇంకా పెరిగింది. ఇది దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. డాక్టర్ దగ్గరికి వెళ్ళమని మాత్రం అనకండి, అది నాకూ తెలుసు, ఇప్పుడు టైమ్ చూడండి.

కందిపొడి, రాత్రి 2:55
వయసెంత?

గోదారోడు, ఉదయం 5:32
పడిశం పది రోగాల పెట్టు అని పెద్దలు ఊరికే అనలేదమ్మా. అసలు తప్పంతా ఏసీలది. మా చిన్నప్పుడు ఇంటికి ఆరుగురు పిల్లలం, ఎవరికైనా ఏసీ ఉందా? నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో రెండు చుక్కల ఆముదం వేసి ఊదేవాళ్ళు, దెబ్బకి ఊడిపోయేది. కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి ఛాతీకి, అరికాళ్ళకి రాయండి. ఉగ్గుగిన్నెలో కాస్త తులసి రసం, తేనె. ఇప్పటివాళ్ళకి ఉగ్గుగిన్నె అంటే ఏంటో కూడా తెలీదు, అది వేరే సంగతి.

లేబుల్ చదివేవాడు, ఉదయం 6:10
ముందు ఆ సిరప్ ఆపండి. సీసా తిప్పి వెనక చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు మందులు కలిపి ఉంటే అది నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద వేయాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. బాబు మత్తుగా పడుకున్నాడంటే దగ్గు తగ్గి కాదు, మందు మత్తుకి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో ఏం జరిగిందో మర్చిపోయామా? దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి, కిడ్నీలు పాడై చిన్నపిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళ లోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా అవసరం లేదని చెప్పింది. అయినా మన వీధి చివర షాపులో "బాబుకి దగ్గండీ" అంటే చాలు, సీసా చేతిలో పెడతారు. బిల్లు అడిగితే ఇవ్వరు. బ్యాచ్ నంబరు చూసే అలవాటు మనకి లేదు. దీని మీద నేను విడిగా ఒక పోస్టు...

కందిపొడి, ఉదయం 6:14
వయసెంత అని అడిగాను.

సిస్టరమ్మ, ఉదయం 6:40
కందిపొడి గారు అడిగిందే అసలు ప్రశ్న. నేను పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. తల్లీ, బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్లో టైమర్ పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు, పసివాళ్ళ ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపైతే 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది దాటితే 40. అంత గానీ, అంతకు మించి గానీ వస్తే ఆలస్యం చేయొద్దు. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు అసలు పట్టకపోయినా, లేపినా లేవకపోయినా 108కి ఫోన్ చేయి, రాత్రయినా సరే. మూడు నెలలు నిండని బిడ్డకి 100.4 జ్వరం వచ్చినా అంతే.

గోదారోడు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ముక్కులో నూనె వేయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే ఉండిపోయి వేరే న్యుమోనియా తెస్తుంది. కర్పూరం చిన్నపిల్లలకి ఫిట్స్ తెప్పించగలదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు, బొట్యులిజం అనే జబ్బు రావచ్చు. ఆరు నెలలు నిండే దాకా మంచినీళ్ళు కూడా వద్దు, తల్లిపాలే.

గోదారోడు, ఉదయం 7:05
మమ్మల్ని అలాగే పెంచారు. బతికే ఉన్నాం.

కందిపొడి, ఉదయం 7:06
బతకనివాళ్ళు పోస్టులు పెట్టరు.

నిద్రలేనితల్లి, ఉదయం 8:20
సారీ, రాశాననుకున్నాను. ఐదో నెల నిండింది. జ్వరం లేదు. రెండుసార్లు లెక్కపెట్టాను, ఒకసారి 42, ఒకసారి 44. డొక్కలు మామూలుగానే ఉన్నాయి. సిరప్ సీసా మీద ఆ రెండు పేర్లూ ఉన్నాయి, చెత్తబుట్టలో పడేశాను. తేనె వేయలేదు, మా అమ్మ వేద్దామంటే నేనే వద్దన్నాను. కానీ మా పక్కింటావిడ నిమ్ము చేరింది అంటోంది, అదే భయం.

మూడో కాన్పు నాన్న, ఉదయం 8:41
ఇంట్లో ఇంకో పిల్ల ఉందా? బడికి వెళ్తుందా?

నిద్రలేనితల్లి, ఉదయం 8:50
ఉంది, ఎల్‌కేజీ. దానికీ ముక్కు కారుతూనే ఉంటుంది. ఎందుకండీ?

మూడో కాన్పు నాన్న, ఉదయం 9:15
అదే సంగతి. మీది నెలరోజుల జలుబు కాదు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చిన మూడు జలుబులు. మధ్యలో రెండు మూడు రోజులు తగ్గుతోందని మీరే రాశారు కదా. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరెనిమిది జలుబులు మామూలే, ఒక్కోదాని దగ్గు రెండు మూడు వారాలు ఈడుస్తుంది. మా పెద్దది బడినుంచి రాగానే చెప్పులతో సహా వచ్చి చిన్నోడికి ముద్దు పెట్టేది. చేతులు సబ్బుతో కడిగించాకే దగ్గరికి రానిచ్చాం, కాస్త నయమైంది.

పాలు వదిలేయడం ముక్కు వల్ల. ఈ వయసు వాళ్ళు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, అది మూసుకుపోతే నోట్లో రొమ్ము ఉండగా గాలి ఎటు నుంచి పోతుంది? షాపులో సెలైన్ నాసల్ డ్రాప్స్ దొరుకుతాయి, ఉత్త ఉప్పునీళ్ళే. ముక్కు దిబ్బడకి మందు కలిపిన డికంజెస్టెంట్ చుక్కలు వేరు, అవి అంటగట్టకుండా చూసుకోండి. పాలు పట్టే పావుగంట ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు వేయండి. వాడు మిమ్మల్ని తిట్టినట్టు ఏడుస్తాడు, తుమ్ముతాడు, సగం అక్కడే బయటికొస్తుంది. మిగతాది రబ్బరు బుడ్డితో మెల్లగా లాగండి, రోజుకి రెండు మూడుసార్లు చాలు. ఇంట్లో ఉప్పు కలిపి చేయకండి. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. తల కింద దిండు మాత్రం పెట్టకండి.

చీమిడి పచ్చగా మారిందని మేం ఒకసారి యాంటీబయాటిక్ కోసం పరుగెత్తాం. రంగు మారితే యాంటీబయాటిక్ కావాలని కాదట, తిట్లు తిని వచ్చాం.

తెనాలి తెలుగు, ఉదయం 10:02
విషయానికి సంబంధం లేకపోయినా ఒక మాట. నిమ్ము అంటే తేమ, చెమ్మ. గోడ నిమ్మెక్కింది అనమా? ఊపిరితిత్తుల్లో నీరు చేరితేనే నిమ్ము. మామూలు కఫాన్ని నిమ్ము అనడం తప్పు.

గోదారోడు, ఉదయం 10:20
మా వైపు న్యుమోనియానే నిమ్ము అంటారు. డాక్టర్లు కూడా అలాగే చెప్తారు.

తెనాలి తెలుగు, ఉదయం 10:31
అందరూ అన్నంత మాత్రాన ఒప్పవుతుందా? జలుబుని కూడా కొందరు రొంప అంటారు, కొందరు పడిశం అంటారు, నా దృష్టిలో మూడూ ఒకటి కాదు.

మూడో కాన్పు నాన్న, ఉదయం 10:33
ముక్కుకి తేడా తెలీదండీ.

సిస్టరమ్మ, మధ్యాహ్నం 1:50
పేరు ఏదైనా, 44 అంటే పక్కింటావిడ మాటకి భయపడక్కర్లేదు. అయినా ఇవాళ పిల్లల డాక్టర్‌కి చూపించు, నెలంటే తక్కువ కాదు, బరువు కూడా చూస్తారు. 6, 10, 14 వారాల పెంటావాలెంట్ టీకాలు పడ్డాయా? కార్డు పట్టుకెళ్ళు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి మొహం కందిపోయి, చివర కూత వినిపిస్తే కోరింత దగ్గు అనుమానం. మరీ పసివాళ్ళకి కూత లేకుండా ఊపిరి ఆగినట్టు కూడా అవుతుంది.

కందిపొడి, మధ్యాహ్నం 1:58
ఇంట్లో పొగ?

నిద్రలేనితల్లి, మధ్యాహ్నం 2:15
టీకాలన్నీ పడ్డాయి సిస్టర్, కూత లేదు. పొగ లేదండీ, మా ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగరు.

లేబుల్ చదివేవాడు, సాయంత్రం 4:30
సిరప్ చెత్తబుట్టలో పడేసే ముందు బ్యాచ్ నంబరు ఫోటో తీశారా?

నిద్రలేనితల్లి, మూడు రోజుల తర్వాత, రాత్రి 9:40
చూపించాం. ఛాతీ క్లియర్‌గా ఉందన్నారు, బరువు బాగానే పెరిగాడట. ఏ మందూ రాయలేదు, ఆ ఉప్పునీళ్ళ చుక్కలే. ఫీజు కట్టి ఉత్త చేతులతో వచ్చామని మా అమ్మ గొణిగింది. డాక్టర్ కూడా పొగ గురించే అడిగారు, నేను లేదనే చెప్పాను. బాబు తల వాసన చూసి, "మరి ఈ సాంబ్రాణి?" అన్నారు. రోజూ నీళ్ళు పోశాక అమ్మ కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద వాడి తలపెట్టి ఆరబెడుతుంది, తలుపులు వేసి మరీ. రాత్రి దోమల కాయిల్ కూడా ఉంది. అది పొగ కింద లెక్కని నాకు తట్టనే లేదు. రెండూ మానేశాం, దోమతెర కొన్నాం. దగ్గు పూర్తిగా పోలేదు గానీ నిన్న నాలుగు గంటలు పడుకున్నాడు. థాంక్స్ అందరికీ, వాడు లేచాడు, ఉంటాను.

గోదారోడు, రాత్రి 10:05
సాంబ్రాణి కూడా మానేయమన్నారా? ఇంక పిల్లల తల ఎలా ఆరబెడతారమ్మా?

కందిపొడి, రాత్రి 10:06
తువ్వాలు.

కొత్తగా చేరాను, రాత్రి 11:48
మా పాపకి కూడా ఇలాగే దగ్గు. నెబ్యులైజర్ కొనొచ్చా? ఎవరైనా చెప్పగలరు.

కందిపొడి, రాత్రి 11:50
వయసెంత?