లైమ్‌కి మూడో నెల యాంటీబయాటిక్స్, నోట్లో తెల్లపూత. ఇడ్లీ కూడా మానేయాలా?

గోంగూర మడి:
నమస్తే అందరికీ. మేం కనెటికట్‌లో ఉంటాం. పోయిన వేసవిలో పెరట్లో గోంగూర, ఆనప పాదు వేశాను. కంచె దగ్గరికి జింకలు వస్తుంటే పిల్లలు ఫొటోలు తీసుకోవడమే గానీ పిడుదుల సంగతి మాకెవరికీ తట్టలేదు. అవి కరిస్తే వచ్చే ఎర్ర మచ్చ కూడా కనపడలేదు, నవంబర్‌లో కుడి మోకాలు కొబ్బరికాయంత వాచాక రక్త పరీక్ష చేసి, పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు అన్నారు. 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడితే వాపు పోయింది, నీరసం మాత్రం పోలేదు. ఎవరో చెబితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఆయన ఇన్సూరెన్స్ తీసుకోరు, అంతా మన చేతి డబ్బే. ఆయన మళ్లీ డాక్సీ మొదలుపెట్టి దానికి సెఫురాక్సిమ్ కలిపారు. ఎన్నాళ్లండీ అంటే లక్షణాలు పోయేదాకా అన్నారు. ఇప్పుడు మూడో నెల.

నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా కడుతోంది, గీకితే కింద ఎర్రగా మంట, ఆవకాయ వాసనకే భయమేస్తోంది. కింద దురద కూడా ఉంది. ఇది కాండిడా అనే ఫంగస్ అట, దానికి కాండిడా డైట్ అని ఒకావిడ చెప్పింది, అన్నం, అరటిపండు, బెల్లం, పులిసిన పిండి కాబట్టి ఇడ్లీ దోశ, ఆఖరికి పెరుగు కూడా వద్దంది. పొద్దున్నే గ్లాసు నీళ్లలో ఉమ్మి చూసుకో, తీగలుగా దిగితే కాండిడానే అంటే చూశాను, తీగలు తీగలుగా కిందికి దిగింది. అమ్మేమో విజయవాడ నుంచి రోజూ ఫోన్ చేసి పెరుగన్నం తినవే అంటుంది. రెండు వారాల్లో 4 కిలోలు తగ్గాను. మోషన్స్ రోజుకి నాలుగైదు సార్లు నీళ్లలా అవుతున్నాయి, విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలతో నెట్టుకొస్తున్నా, యాంటీబయాటిక్స్‌కి అది మామూలే కదా. సుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతాను. ఎవరైనా ఇది దాటి వచ్చినవాళ్లుంటే చెప్పండి.

పాత మోకాలు:
అక్కా, ఆ గ్లాసు పరీక్ష మా ఇంట్లో నలుగురం చేశాం. ఏళ్ల తరబడి యాంటీబయాటిక్ ముట్టని మా ఆయన ఉమ్మి కూడా తీగలుగానే దిగింది. లాలాజలం జిగురుగా ఉంటుంది, అంతే, దాన్ని చూసి అన్నం మానేస్తారా? ఇడ్లీ పిండి పులిసినా ఆవిరి మీద ఉడికాక అందులో ఏదీ బతికి ఉండదు. స్వీట్లు తగ్గించండి, అది ఎలాగూ మీ సుగర్‌కి మంచిదే.

నాకు నోట్లో వచ్చినప్పుడు నిస్టాటిన్ ద్రవం ఇచ్చారు, రోజుకి నాలుగుసార్లు. గటుక్కున మింగేస్తే పని చేయదు, సగం ఒక బుగ్గలో, సగం ఇంకో బుగ్గలో పోసుకుని ఓపిక ఉన్నంతసేపు పుక్కిలించి అప్పుడు మింగాలి. నేను మొదటి మూడు రోజులు దగ్గు మందులా తాగేసి పని చేయట్లేదని గోల పెట్టాను.

లైమ్ పోరాటం:
నేను ఎనిమిదో నెలలో ఉన్నాను, చేతికి పిక్ లైన్ (రక్తనాళంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టించుకుని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించుకుంటున్నా. మధ్యలో ఆపితే బ్యాక్టీరియా తిరగబెడుతుంది, ఆపొద్దు మేడమ్. కాండిడాకి బౌలార్డీ క్యాప్సూల్స్ తీసుకోండి, నేను రోజూ రెండు వేసుకుంటాను.

మందుల కొట్టు:
న్యూజెర్సీలో ఫార్మసిస్ట్‌ని, డాక్టర్ని కాదు. ముందు అన్నిటికన్నా ముఖ్యమైనది. అక్కా, మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మోషన్సే నన్ను భయపెడుతున్నాయి. యాంటీబయాటిక్స్ మీద ఉన్న మనిషికి రోజుకి మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలంటే కాండిడా అనుకుని కూర్చోకూడదు, సి. డిఫ్ అనే బ్యాక్టీరియా పేగుల్లో పెరిగిందేమో చూడాలి. సెఫురాక్సిమ్ లాంటి మందులతో ఆ రిస్కు ఎక్కువ. లోపెరమైడ్ ఆపండి, ఈరోజే మీ ఫ్యామిలీ డాక్టరుకి ఫోన్ చేసి మలం పరీక్ష అడగండి. జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా, రక్తం పడినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

కింది దురదకి చాలామందికి ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ఒక్క మాత్ర రాస్తారు. మీరు మాత్రం గ్లిమెపిరైడ్ వాడుతున్నట్టు తప్పకుండా చెప్పాలి, ఆ రెండూ కలిస్తే సుగర్ దబ్బున పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్‌తో ఆ ఇబ్బంది లేదు. గర్భం వచ్చే అవకాశం ఉంటే అదీ చెప్పండి. మూడు నెలల సగటు సుగర్ కూడా చూపించుకోండి, అది అదుపులో లేకపోతే ఎంత మందు వేసినా ఈ ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది. పెరుగన్నం హాయిగా తినండి, కాల్షియం, ఐరన్ మాత్రలకి మాత్రం డాక్సీతో కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

పోరాటం గారూ, మీకొక మాట. బౌలార్డీ అంటే అదీ ఈస్టే. పిక్ లైన్ ఉన్నవాళ్లు వాడకూడదు, క్యాప్సూల్ విప్పిన చేత్తో లైన్ ముట్టుకుంటే అది రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

లైమ్ పోరాటం:
బౌలార్డీ సంగతి నాకెవరూ చెప్పలేదు, ఈరోజే పక్కన పడేస్తా. కానీ యాంటీబయాటిక్ ఆపితే నా నొప్పులకి ఎవరు జవాబుదారీ? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మాట్లాడటం సులువండీ.

మందుల కొట్టు:
మీ నొప్పులు అబద్ధమని నేననలేదు. లైమ్ తగ్గాక కూడా కొంతమందిని నీరసం నెలల తరబడి వేధిస్తుంది, అది నిజం. అది ఎక్కువ కాలం యాంటీబయాటిక్స్ వాడితే తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. 2001లో అమెరికాలో 90 రోజుల మందుతో, 2016లో నెదర్లాండ్స్‌లో అందరికీ రెండు వారాల మందు ఇచ్చాక ఇంకో 12 వారాల మందుతో పరీక్షించి చూశారు, ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్లకన్నా మెరుగేమీ కనపడలేదు. 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా కేవలం నీరసం, నొప్పుల కోసం మళ్లీ యాంటీబయాటిక్స్ ఇవ్వొద్దనే అంటున్నాయి. రెండోసారి మోకాలు వాస్తే అది వేరే లెక్క. మీ లైన్ సంగతి ఒక అంటువ్యాధుల స్పెషలిస్టుకి చూపించి రండి, అంతకుమించి నేను చెప్పను.

గోంగూర మడి:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. సి. డిఫ్ పాజిటివ్ వచ్చింది. మా పాత డాక్టరు డాక్సీ, సెఫురాక్సిమ్ రెండూ ఆపించి వాంకోమైసిన్ మాత్రలు మొదలుపెట్టారు, పది రోజులు, రోజుకి నాలుగుసార్లు. నిన్నటికి మోషన్స్ రెండుకి దిగాయి. శానిటైజర్‌తో ఇది చావదట, సబ్బుతోనే కడగాలట, మా బాత్రూం బ్లీచ్ వాసనతో స్విమ్మింగ్ పూల్‌లా ఉంది. నోటికి నిస్టాటిన్, సగం ఆ బుగ్గ సగం ఈ బుగ్గ. నీరసం అలాగే ఉంది, దానికి వచ్చే నెల వేరే అపాయింట్‌మెంట్. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నూనె ఒక్క చుక్క వేసుకున్నా, కాస్త చురుక్కుమంది గానీ తిన్నా.