మైనర్ మ్యూచువల్ ఫండ్ ఫోలియో ఇంటిపేరు దగ్గర ఆగిపోయింది, ఏం చేయాలి?

నాకు 16 ఏళ్లు, గుంటూరులో ఇంటర్ ఫస్టియర్. చిన్న పిల్లలకు ట్యూషన్ చెప్తే వచ్చే డబ్బులోంచి నెలకు 500 రూపాయలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా, కడదామని నా ఆలోచన. ఆప్షన్ల (షేర్ల ధరల మీద పందెం లాంటి ట్రేడింగ్) జోలికి పోను, ఆ సలహాలు దయచేసి వద్దు.

యాప్‌లేమో 18 నిండలేదని మొదట్లోనే ఆపేస్తున్నాయి. అందుకని నా పేరు మీద ఫోలియో (ఫండ్‌లో ఖాతా) కోసం నాన్నను గార్డియన్‌గా పెట్టి, ఫండ్ సంస్థ ఆఫీసులోనే కాగితం ఫారం ఇచ్చాం. నాన్న కేవైసీ సరిగ్గానే ఉంది. డబ్బు ఆయన ఖాతా నుంచి కట్టొచ్చు, కానీ యూనిట్లు (ఫండ్‌లో నా వాటాలు) అమ్మినప్పుడు డబ్బు నా ఖాతాకే రావాలి కాబట్టి నా పాస్‌బుక్ అడిగారు. చిక్కంతా అక్కడే. ఫారంతో ఇచ్చిన టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంది. పాస్‌బుక్‌లో నా పేరు, దాని వెనక ఒక్క పొడి అక్షరం. "పేర్లు సరిపోలలేదు" అని తిప్పి పంపారు. మెమోలో ఉన్నట్టే ఉన్న ఆధార్ జత చేసి మళ్లీ ఇచ్చినా అదే జవాబు. బ్యాంకుకు వెళ్తే పేరు మార్పుకు గెజిట్ (ప్రభుత్వ పత్రికలో వచ్చే ప్రకటన) తెమ్మన్నారు. ఇనీషియల్‌ను విప్పి రాయడానికి గెజిట్ ఎందుకో!

మైనర్ ఫోలియో తెరిచినవాళ్లు చెప్పండి: రెండు పేర్లూ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ ఇస్తే ఫండ్ సంస్థ ఒప్పుకుంటుందా, లేక మెమోలోని పేరుతో వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరవాల్సిందేనా?