కేఎన్‌ఏ ఒకటా, రెండా? ఇటు ఒప్పందం, అటు యుద్ధం ఎలా?

వేళచ్చేరి బాలు:
షోలింగనల్లూరులో మా టీమ్‌లో మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ అమ్మాయి ఉంది. అక్కడి కొండల్లో ఉండే కుకీ తెగ అమ్మాయే. ఆమెను అడగడానికి నోరు రావట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. కుకీ నేషనల్ ఆర్మీ (కేఎన్‌ఏ) అనే సాయుధ దళం కేంద్రంతో ఒప్పందంలో ఉందని ఒక వార్త. అదే పేరున్నవాళ్లు సరిహద్దు అవతల బర్మా ఊరు తమూ దగ్గర మయన్మార్ సైన్యంతో కొట్లాడుతున్నారని ఇంకో వార్త. 2025 నవంబరులో చురాచాంద్‌పూర్ జిల్లాలో మన సైన్యం కాల్పుల్లో నలుగురు చనిపోతే వాళ్లూ కుకీ ఆర్మీయే అన్నారు. ఎవరు ఎవరో తెలిసినవాళ్లు చెప్పండి.

పెరంబూరు శ్రీను:
అన్నీ ఒకటే బాబూ. మన దగ్గర కాల్పుల విరమణ అంటారు, అవతలికెళ్లి తుపాకీ పడతారు. రెండు చేతులా సంపాదన.

బర్మా బజారు రావు:
శ్రీను గారూ, అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? బాలూ, ముందు ఆ నలుగురి సంగతి. వాళ్లు యునైటెడ్ కుకీ నేషనల్ ఆర్మీ. ఆ 'యునైటెడ్' వేరే కుంపటి, ఒప్పందంలో సంతకం పెట్టలేదు. వార్త రాసేవాళ్లు ఆ మాట ఎగరగొట్టేస్తారు, చదివేవాడికి తల తిరుగుతుంది.

నేను ఒకప్పుడు మణిపూర్ సరిహద్దు ఊరు మోరే నుంచి దుప్పట్లు, టార్చిలైట్లు తెచ్చి ఇక్కడ బీచ్ స్టేషన్ ఎదుట అమ్మేవాణ్ణి. ఇంఫాల్ నుంచి నూట పది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, దారి పొడుగునా అస్సాం రైఫిల్స్ తనిఖీలు. మోరేలో తమిళ సంఘం ఉంది, అంగాళ పరమేశ్వరి గుడి ఉంది. 60లలో బర్మా నుంచి వచ్చేసిన తమిళులు కొందరు ఇక్కడ బతుకు కుదరక తిరిగి నడిచి వెళ్లబోయారు. సరిహద్దులో ఆపేస్తే అక్కడే ఉండిపోయారు. నా మద్రాసు తమిళంతోనే బేరాలన్నీ అయ్యేవి. రెండో గేటు దాటితే నంఫాలోంగ్ బజారు, అంటే బర్మా. పొద్దున వెళ్లి సాయంత్రానికి వెనక్కి వచ్చేయాల్సి ఉండేది. లోడు బయల్దేరే ముందు 'టాక్సు' కూడా కట్టాల్సి వచ్చేది. ఆ చీటీ ఎవరిదో ఇక్కడ రాయను.

ఇక అసలు విషయం. 1988లో కుకీ నేషనల్ ఆర్గనైజేషన్ (కేఎన్‌వో) పుట్టింది, దాని సాయుధ విభాగం కేఎన్‌ఏ. అధ్యక్షుడు పి.ఎస్. హావోకిప్. మొదట్లో వాళ్లు అడిగింది రెండు రాష్ట్రాలు: ఒకటి మన దేశంలో, ఒకటి బర్మాలో. రెండెందుకంటే జనం రెండు వైపులా ఉన్నారు కాబట్టి. మణిపూర్ పక్కనే ఉన్న కబావ్ లోయను ఇంగ్లీషువాళ్లు 1834లో బర్మాకు అప్పగించారు. 1917-19లో, మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్సుకు కూలీలుగా రమ్మంటే కుకీలు తిరగబడ్డారు. ఆ పోరు మణిపూర్ కొండల్లోనూ బర్మా వైపూ జరిగింది. 1967లో బర్మా సైనిక పాలకుడు నే విన్ సర్కారు 'ఖడోమీ' ఆపరేషన్ పేరుతో కబావ్ లోయలోని కుకీలను వెళ్లగొడితే వాళ్లు మణిపూర్ వచ్చి పడ్డారు. మా తాత రంగూన్ రేవు వదిలి విశాఖ ఓడెక్కిందీ ఆ నే విన్ కాలంలోనే, అందుకే ఈ సంగతి నాకు అంత పట్టింపు.

బర్మా వైపు విభాగాన్ని కేఎన్‌ఏ-బి అంటారు. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం గద్దె ఎక్కాక, సైన్యం మీద తిరగబడ్డ ప్రజా రక్షణ దళాలతో కలిసి తమూ చుట్టుపక్కల పోరాడుతున్నది వీళ్లే. ఇటువైపు చూస్తే 2008 ఆగస్టు 22న కేంద్రం, మణిపూర్ ప్రభుత్వం, కేఎన్‌వో, యునైటెడ్ పీపుల్స్ ఫ్రంట్ (యూపీఎఫ్) అనే ఇంకో కూటమి కలిసి 'సస్పెన్షన్ ఆఫ్ ఆపరేషన్స్', అంటే దాడుల నిలిపివేత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అది లొంగుబాటు కాదు. మనుషులు క్యాంపుల్లో ఉండాలి, ఆయుధాలు తాళంలో ఉండాలి, నెలనెలా భృతి ఇస్తారు. మూలం ఒకటే సంస్థ, కానీ సరిహద్దుకు ఇటు ఒక రకం బతుకు, అటు ఇంకో రకం. అందుకే వార్త చూడగానే నేను మొదట చూసేది ఊరి పేరు.

కిల్పాక్ మాధవి:
రావు గారూ, మీది ఒక వైపు కథే అనిపిస్తోంది. ఇంఫాల్ లోయలో ఎక్కువగా ఉండే మైతేయిల మాట వేరు. 2023 మే 3న మైతేయి-కుకీ గొడవలు మొదలయ్యాక జరిగిన దాడుల్లో క్యాంపుల్లో ఉన్నవాళ్లే ఉన్నారని, బర్మా నుంచి మనుషుల్ని దింపుతున్నారని వాళ్ల ఆరోపణ.

బర్మా బజారు రావు:
నిజమే అమ్మా, ఆ మాట చెప్పకుండా పోకూడదు. కేఎన్‌వో కాదంటుంది, లోయవాళ్లు నమ్మరు. గొడవలకు ముందే, 2023 మార్చిలో, రాష్ట్ర ప్రభుత్వం కేఎన్‌ఏతో, ఇంకో గుంపుతో ఒప్పందం నుంచి తప్పుకుంది. 2024 ఫిబ్రవరి తర్వాత ఒప్పందాన్ని పొడిగించనే లేదు. రాష్ట్రపతి పాలనలో, 2025 సెప్టెంబరు 4న కొత్త షరతులతో మళ్లీ కుదిరింది. కొన్ని క్యాంపులు తరలించాలి, మణిపూర్ సరిహద్దులు చెక్కుచెదరకూడదు, క్యాంపుల్లో ఒక్కొక్కరినీ స్వయంగా పరిశీలించి విదేశీయులుంటే పేర్లు కొట్టేయాలి. నా దృష్టిలో ఆ చివరి షరతే కష్టమైనది. అన్న తమూలో, తమ్ముడు మోరేలో ఉండే ఇళ్లలో ఎవరు విదేశీయుడో ఏ కాగితం చూసి తేలుస్తారు? సరిహద్దుకు 16 కిలోమీటర్ల లోపు వాళ్లు అటూ ఇటూ తిరిగే వెసులుబాటు మొన్నటిదాకా ఉండేది. ఇప్పుడు 10 కిలోమీటర్లు, దానికీ పాసు.

వేళచ్చేరి బాలు:
థాంక్స్ సార్, చాలావరకు అర్థమైంది. ఇప్పుడు ఆ అమ్మాయితో కాస్త మాట్లాడగలననుకుంటా.

బర్మా బజారు రావు:
మాట్లాడు గానీ, కుకీ అని నువ్వే ఖాయం చేసుకోకు. చురాచాంద్‌పూర్‌లో పైతే, హ్మార్, వైఫే తెగలవాళ్లు అందరూ ఉంటారు. జోమీ అని చెప్పుకునేవాళ్లను కుకీ అంటే మొహం ముడుచుకుంటారు. ముందు ఇల్లు ఎలా ఉంది, అందరూ క్షేమమేనా అని అడుగు. తుపాకుల సంగతి ఆమెగా ఎత్తితే అప్పుడు చూసుకోవచ్చు.