క్రిస్మస్ యాట్ ట్రిప్: జనరేటర్ పాడైన రోజులకి అద్దె వెనక్కి వస్తుందా?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మొన్న క్రిస్మస్‌కి బావగారి కుటుంబంతో కలిసి కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ వెళ్లాం. అక్కడి టోర్టోలా దీవిలో కెప్టెన్‌తో సహా ఒక కెటమరాన్ (జంట పడవల్లా ఉండే యాట్) 7 రోజులకి అద్దెకు తీసుకున్నాం.

మొదటి రోజు నుంచే ఒకటే గాలి. డిసెంబరు మధ్య నుంచి అక్కడ ఈశాన్య గాలులు బాగా ముదురుతాయని, వాటిని క్రిస్మస్ విండ్స్ అంటారని కెప్టెన్ చెప్పాకే తెలిసింది. వర్జిన్ గోర్డా దీవిలో పెద్ద పెద్ద గ్రానైట్ బండల మధ్య ఈత కొట్టే చోటు, ద బాత్స్, పిల్లలు దాని కోసమే వచ్చారు. ఎర్రజెండా ఎగరేసి ఉంది, దిగనివ్వలేదు. ఆర్కే బీచ్ అలలు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి అది అర్థం చేసుకున్నాం.

నా బాధ జనరేటర్ గురించి. రెండో రోజే ఆగిపోయింది. ఏసీ లేదు, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే మిషన్ కూడా లేదు. నాలుగు రోజులు స్నానానికి తలా ఒక చెంబుడు నీళ్లు!

క్రిస్మస్ రాత్రి అత్తయ్య పులిహోర కలుపుతుంటే పడవ ఒరిగి, గిన్నె వెళ్లి కెప్టెన్ ఒళ్లో పడింది. ఆయన ఒళ్లోదే తిని, ఇంకా ఉందా అన్నాడు. కడుపుబ్బ నవ్వుకున్నాం. పిల్లలు ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

కంపెనీవాళ్లు మాత్రం వాతావరణం తమ బాధ్యత కాదంటున్నారు. మేం అడిగేది జనరేటర్ గురించి. లాగ్‌బుక్ (పడవలో రోజూ జరిగినవి రాసే పుస్తకం) పేజీ ఫోటో నా దగ్గరుంది. క్రెడిట్ కార్డుతో కట్టాను, బ్యాంకులో డిస్ప్యూట్ వేయనా, ముందు కంపెనీకి ఇంకో మెయిల్ పెట్టనా? ఇలా డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.